ముంగట ఆయన, ఎనక విమానం

పోయిన వారం చదివినోళ్లకు యాదికుంటది. చదవనోళ్లు పరేషాన్ గాకున్రి, నాలుగు ముక్కలల చెప్త.

మా ఆయన పేరు బ్రహ్మచారి. నవ్వుడైందా? ముప్పై మూడేండ్ల సంది ఇంటున్న, నేను ఆయన పెండ్లాన్నని చెప్తే చాలు, ఎవలైనా గిట్లనే నవ్వుతరు. నా పేరు అనసూయమ్మ. అల్వాల్ అవుతల పాత రన్‌వే మీద గరుడ ఫ్లయింగ్ క్లబ్ అని ఒకటున్నది. పిల్లలకు విమానం నడుపుడు నేర్పుతరు. నాలుగు చిన్న విమానాలు. పొద్దుగాల వాటిని హ్యాంగర్లకెళ్లి బయటికి తెచ్చుడు, పొద్దుమీకి మళ్ల లోపల వెట్టుడు మా ఆయన నౌకరి. హ్యాంగర్ పక్కన చాయ్ క్యాంటీన్ నాది.

ముప్పై ఒక్క ఏండ్లు ఆయన విమానం ముక్కు చక్రానికి ఇనుప కడ్డీ తగిలించి, కడ్డీ భుజానికి ఆనించి గుంజిండు. పోయిన ఎండకాలం భుజంల నరం తెగింది. ఇంక గుంజితే చెయ్యి లేవదన్నడు డాక్టర్. "గేటు కాడ కుర్చేస్తం, కూసో" అన్నరు ఆఫీసోళ్లు. గేటు మాట చెవుల వడంగనే మా ఆయన రెండు దినాలు అన్నం ముట్టలే. గంతల క్లబ్బుకు రిమోట్‌తోని విమానాన్ని గుంజే మిషన్ వచ్చింది. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కల్పలత మేడం మా ఆయన్ని పిలిచి ఒక్కటే మాట చెప్పింది. సోమవారం టెస్ట్. పాసైతే మిషన్ ఆయన చేతికి. ఫెయిలైతే కంపెనీ మనిషి వస్తడు, ఈయన గేటుకు.

ఇగ పోయిన వారం ఎక్కడ ఆపిన? శనివారం పగటీలి టిఫిన్ డబ్బా కడుగుదామని మూత తీస్తే, అన్నం గిన్నెల రిమోట్ ఉన్న కాడ.

"ఏందిది?" అన్న.

"రిమోట్."

"రిమోటని నాకు తెల్వదా? పచ్చిపులుసు గిన్నె పక్కన అదేం జేస్తున్నదని అడుగుతున్న."

మా ఆయన గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసిండు. తప్పు జేసినప్పుడల్లా గా క్యాలెండరే చూస్తడు. మిషన్‌తోని రెండు రిమోట్లు వచ్చినయట. ఒకటి మిషన్ నేర్పెతందుకొచ్చిన కంపెనీ పిలగాడు ఆశీష్ కాడ ఉన్నది. రెండోది స్పేరు, అల్మారల వెట్టిన్రు. అల్మార తాళంచెవి మా ఆయన మొలతాడుకు.

"దొంగతనం జేసినవా?"

"దొంగతనమెట్లయితది? సోమవారం పొద్దుగాల మళ్ల పెట్టేస్త. చెయ్యి తిరగాలె కదనే."

"మిషన్ అల్వాల్ల ఉన్నది. రిమోట్ చిలకలగూడల ఉన్నది. దేన్ని తిప్పుతవయ్యా?"

ఆయన నా దిక్కు చూసిండు. పైకెళ్లి కిందికి, కిందికెళ్లి పైకి చూసిండు. పెండ్లిచూపులప్పుడు సుత గంత శ్రద్ధగ చూడలే.

"జెర రెండు చేతులు బార్ల జాపు" అన్నడు.

* * *

మా మిద్దె మీద నేను విమానమైన కథ చిలకలగూడ మొత్తానికి తెలుసు గనుక దాసి లాభం లేదు.

ముందుగాల ఆయన కష్టం ఏందో చెప్పాలె. ఆశీష్ శుక్రవారం దినం మిషన్ని పెట్టెలకెళ్లి తీసి, చార్జింగ్ వెట్టి, అన్నీ చూపెట్టిండు. మిషన్ మన గ్యాస్ పొయ్యి కంటే జెర పెద్దగుంటది, కింద రబ్బరు పట్టాలు. దాని మీద ఒక పళ్లెం. విమానం ముక్కు చక్రాన్ని ఆ పళ్లెం మీదికి గుంజి కట్టేస్తే, ఇగ మిషన్ ఎటు పోతే విమానం అటు. రిమోట్ల ఒక పుల్ల. ముంగటికి నూకితే ముంగటికి, కుడికి నూకితే కుడికి. వేలు తీస్తే ఆగుతది. స్పీడు తగ్గించెతందుకు తాబేలు బొమ్మ, పెంచెతందుకు కుందేలు బొమ్మ. చిన్న పోరగాండ్లు సుత నేరుస్తరు.

మిషన్ మా ఆయన కాడికెళ్లి దూరం పోతుంటే మంచిగనే నడిపిండట. అదే మిషన్ ఆయన దిక్కు వస్తుంటే మాత్రం అంత ఉల్టా. దాని కుడి ఈయనకు ఎడమ, దాని ఎడమ ఈయనకు కుడి. హ్యాంగర్లకెళ్లి విమానం బయటికి రావాల్నంటే మనిషి ముంగట నిలవడాలె, అది మన మీదికి రావాలె. ఈయన కుడికంటే అది ఎడమకు. మూడుసార్లు నూనె డ్రమ్ముకు గుద్దిండు. పుణ్యానికి మిషన్ మీద విమానం లేకుండె. ఆశీష్ నవ్విండట. "నవ్వినోడు పిలగాడే, గని నా ముప్పై ఒక్క ఏండ్ల పనిని నవ్విండు" అన్నడు మా ఆయన. ఇగ నాకు కోపం నిలవలే, చీర కుచ్చిళ్లు ఎగజెక్కిన.

మిద్దె మీద ఒక దిక్కు నీళ్ల ట్యాంకు, ఒక దిక్కు బట్టలారేసే తీగె, నడుమ గడంత జాగ. పక్క మిద్దె మీద రసూల్ బీ పాపడాలు ఎండవెడుతున్నది. మా ఆయన రిమోట్ ఆన్ జేసిండు, బొట్టంత పచ్చదీపం ఎలిగింది.

"ఈడ మిషన్ లేదు కదా, దీపమెందుకు?" అన్న.

"దీపం ఎలగకుంటే నాకు చెయ్యి ఆడదే."

నేను చేతులు జాపి ట్యాంకు కాడికెళ్లి ఆయన దిక్కు నడిచిన. ఆయన పుల్లను ఎటు నూకితే నోటితోని అది చెప్పాలె, నేను అటు తిరగాలె, గది లెక్క.

"కుడి" అన్నడు.

నేను నా కుడికి తిరిగిన. నా కుడి రెక్క తీగెకు తగిలింది, ఆయన బనీను నా నెత్తి మీద వడ్డది.

"కుడి అంటే గటు కాదే!"

"నువ్వు విమానాన్ని నడుపుతున్నవా, విమానంతోని కొట్లాడుతున్నవా? నా కుడి ఇదే. దేవుడిచ్చిండు."

రసూల్ బీ అవుతలికెళ్లి అడిగింది. "అనసూయమ్మా, చేతులకేమైంది తల్లీ, వాతమా?"

"కాదక్కా, విమానమైన."

"మంచిది బిడ్డా. జెర నా పాపడాల మీద దిగకు."

శనివారం పొద్దుమీకేదాంక గదే లొల్లి. ట్యాంకుకు నాలుగుసార్లు గుద్దిండు నన్ను. ఐతారం పొద్దుగాల చాయ్ తాగి మళ్ల షురూ. ఐదోసారి ట్యాంకు నల్లా నా నడుముకు తగిలింది. గప్పుడు నా నోరు లేసింది.

"ఆపు! నీకు తక్లీఫేందో నాకు సమజైంది. నా మొహం చూసుకుంట నన్ను నడపాల్నంటే నీతోని అయితదా? పెండ్లైన కాన్నుంచి ఎన్నడన్న చూసినవా? బజారుకు వోతే ముంగట నువ్వు, ఎనక నేను. బోనాలకు వోతే ముంగట నువ్వు, ఎనక నేను. పది అడుగులు. ఒక్కపారన్న ఎనకకు తిరిగి ఇది ఉన్నదా, తప్పిపోయిందా అని చూసినవా? విమానాలను సుత గట్లనే గుంజుకొస్తివి, కడ్డీ భుజాన ఏసుకోని, ఈపు దానికి జూపెట్టి. నాకేమన్న, దానికేమన్న కొత్తనా? తిరుగు అటు! ఎప్పటోలె ముంగట నడువు!"

కోపంల అన్న మాట. సత్యంగ చెప్తున్న, అండ్ల తెలివి అసలే లేదు.

గని ఆయన నిజంగనే అటు తిరిగిండు. ఈపు నాకు జూపెట్టి, రిమోట్ పొట్టకానించి నడిచిండు. "కుడి" అన్నడు. ఇద్దరం ఒకే దిక్కుకు మొహం వెట్టి ఉంటిమి, ఆయన కుడీ నా కుడీ ఒక్కటే. నేను కుడికి తిరిగిన. "ఎడమ" అన్నడు. ఎడమకు తిరిగిన. ట్యాంకు దాటిన, తీగె దాటిన, మెట్ల కాడిదాంక ఒక్క గీత తగలకుండ వొచ్చినం.

ఆయన గక్కడనే నిలవడి గట్టిగ ఊపిరి ఇడిసిండు.

"వచ్చిందే" అన్నడు.

"వచ్చుడు వచ్చింది. ఎనక రెక్క గోడకు తగిలితే ఎట్ల కనవడతది? ఈపుల కండ్లున్నయా?"

రసూల్ బీ కొడుకు అబ్బాస్ కింద గల్లీల ఆటో తుడుసుకుంటున్నడు. దినాం మమ్ముల అల్వాల్ దించేది ఆ పిలగాడే. మా లొల్లి అంత కిందికెళ్లే ఇన్నడు.

"ఈపుల కండ్లు నా ఆటోకున్నయ్ కదా చాచా!" అని ఒర్రిండు.

ఐదు నిమిషాలల పాత ఆటో అద్దం ఒకటి పట్టుకోని మిద్దెక్కిండు. ఒక మూల పగిలింది గని నడిమిట్ల మంచిగున్నది. తువ్వాలతోని మా ఆయన ఎడమ ముంజేతికి గట్టిగ కట్టిండు. కుడి చేతుల రిమోట్, ఎడమ చేతి మీద అద్దం. మా ఆయన ముంజెయ్యి మొహం ముంగటికి లేపిండు, నడిచిండు. నేను చేతులు జాపి ఎనక నడిచిన.

మూడడుగులేసి ఆగిండు. అద్దంలనే చూస్తున్నడు.

"నువ్వు కుంటుతున్నవేందే?" అన్నడు.

నేను జాపిన చేతులు దించిన. ఏం చెప్తం?

"మోకాలు" అన్న. "రెండేండ్లాయె."

మా ఆయన అటిటు చూసిండు. క్యాలెండర్ లేకపాయె చూసెతందుకు. రిమోట్‌ల స్పీడు మీట పట్టుకోని, కుందేలు కాడికెళ్లి తాబేలు కాడికి తిప్పిండు. మిషన్ అల్వాల్ల ఉన్నది. ఈడ ఉన్నది నేనే. ఆ తర్వాత ఆయన నడక సుత నిమ్మళమైంది. నాకు దుఃఖమొచ్చింది, రసూల్ బీ చూస్తదని బనీనుతోని మొహం తుడుసుకున్న.

* * *

సోమవారం పొద్దుగాల మేం అనుకున్నది ఇది. ఎనిమిదింటికి చేరుడు, ఎవలు రాకముందే మా ఆయన అల్మార తెరుసుడు, రిమోట్ పెట్టుడు, మూసుడు. టెస్ట్ పదకొండింటికి కదా. రిమోట్‌ను తువ్వాలల చుట్టి, క్యాంటీన్ సంచిల వెట్టి, మీదికెళ్లి రెండు డజన్ల అరటిపండ్లు కప్పిన.

పోయేసరికి కల్పలత మేడం, ఆశీష్ ఇద్దరు అల్మార ముంగటనే కుర్చీలేసుకోని కూసున్నరు.

"గుడ్ మార్నింగ్ బ్రహ్మచారిగారూ. పదకొండుకు నాకు ఫ్లయింగ్ పడింది. టెస్ట్ ఇప్పుడే పెట్టేద్దాం" అన్నది మేడం.

మా ఆయన నా దిక్కు చూసిండు. నేను సంచి దిక్కు చూసిన. సంచి ఎవరి దిక్కు చూడలే.

టెస్టుకు పెట్టింది నాలుగు సీట్ల విమానం, క్లబ్బుల అన్నిట్ల పెద్దది. మా ఆయన దాన్ని పెద్దపిల్ల అంటడు. మా బిడ్డ సృజన చిన్నప్పుడు గీ మాటకు ఏడ్సేది, పెద్దపిల్లను నేను కదా నాయినా అని. హ్యాంగర్ తలుపుకూ పెద్దపిల్ల రెక్కలకూ ఇటు మూరెడు, అటు మూరెడు జాగ. అంతే.

ముందుగాల మా ఆయన చుట్టు తిరిగి చూసిండు. మిషన్ బ్యాటరీ నిండుగున్నదా అని చూసిండు. మిషన్ని ముక్కు చక్రం ముంగటికి తెచ్చి, చక్రానికి పట్టీ చుట్టి, పళ్లెం మీదికి గుంజి బిగించిండు. ఒకసారి చేత్తోని ఊపి చూసిండు. కాక్‌పిట్ల తల వెట్టి హ్యాండ్ బ్రేక్ ఇడిసిండు. చక్రాల కింది చెక్క దిమ్మెలు తీసి గోడకు వెట్టిండు. ముక్కు చక్రం కాడ రెండు దిక్కుల ఎర్రగీతలుంటయ్. ఆ గీత దాటి తిప్పితే విమానం స్టీరింగ్ ఇరుగుతది. ఆ గీతలను వేలుతోని తుడిసిండు, మంచిగ కనవడాలె అని. మేడం కాయితం మీద ఒక్కొక్కటి టిక్కు వెడుతున్నది.

"ఏదన్నా ఎమర్జెన్సీ వస్తే?" అన్నది.

"మిషన్ మీద ఈ ఎర్ర బటన్ కొట్టాలె. ఏ రిమోట్ ఏం జెప్పినా ఇనదు, చచ్చినట్టు ఆగుతది."

"గుడ్. తీసుకురండి బయటికి."

మా ఆయన ఆశీష్ కాడ రిమోట్ తీసుకున్నడు. పెద్దపిల్ల ముక్కుకు జెర పక్కగ, పది అడుగులు ముంగటికి పోయిండు. జేబులకెళ్లి అద్దం తీసి రుమాలుతోని ముంజేతికి కట్టుకున్నడు. ఇగ ఈపు జూపెట్టి నిలవడ్డడు.

"అంకుల్! అంకుల్! ఉల్టా నిలబడ్డరు!" ఆశీష్ కుర్చీలకెళ్లి లేసిండు.

మేడం పెన్ను ఆగింది. "బ్రహ్మచారిగారూ, వెనక్కి తిరిగారేంటి? ఆపరేటర్ చూపు విమానం మీద నుంచి మళ్లకూడదు. రూల్ నంబర్ వన్. ఇలాగైతే నేను ఇక్కడే ఫెయిల్ రాయాలి."

"చూపు దాని మీదనే ఉన్నది మేడం" అన్నడు మా ఆయన, అద్దం లేపి.

"అద్దంలోనా?"

"అద్దంల."

"ఇది సెలూనా?" అన్నడు ఆశీష్.

ఇగ నేను క్యాంటీన్ కాడ నిలవడలేకపోయిన. సంచి చంకల వెట్టుకోని ఉరికిన. ఉరుకుడంటే నా మోకాలు ఉరికినంత.

"మేడం, ఒక్క మాట. మీరు కారు నడుపుతరు. ఎనక లారీ వస్తున్నదని మీకెట్ల ఎర్కైతది? మెడ తిప్పి చూస్తరా?"

మేడం నా దిక్కు చూసింది. ఆడమనిషై ఇరవై ఏండ్ల సంది విమానాలు నడుపుతున్నది. ఎవలన్న "ఇట్ల ఎట్లయితది" అంటే ఏమనిపిస్తదో ఆమెకు మనకంటే ఎక్కువ తెలుసు.

"అద్దంలో చూస్తాను" అన్నది నిమ్మళంగ.

"లారీ ఏమన్న అడుగుతదా, మొహం నా దిక్కు తిప్పమని?"

మేడం పెదవులు కదిలినయ్. నవ్వు ఆపుకున్నదో, కోపం ఆపుకున్నదో నాకు సమజ్ గాలే. "సరే. ఒక్కసారి చూస్తాను. రెక్క తలుపుకు తగిలితే మాత్రం అంతే."

మా ఆయన తాబేలు బొమ్మ మీద వెట్టిండు. పుల్ల నూకిండు.

మిషన్ గుయ్యిమన్నది. పెద్దపిల్ల కదిలింది. ఆయన ముంగట నడుస్తున్నడు, అది ఎనక నడుస్తున్నది. కడ్డీ లేదు, తాడు లేదు. ముప్పై ఒక్క ఏండ్లు ఎట్ల నడిచిన్రో గట్లనే నడుస్తున్నరు ఇద్దరు. ఎడమకు జెర, కుడికి జెర. స్తంభం దాటింది. రెక్కలు తలుపు నడిమిట్లకు వొచ్చినయ్. ఇటు మూరెడు, అటు మూరెడు. ఆశీష్ నోరు తెరుసుకోని చూస్తున్నడు. భయానికి సంచిని రొమ్ముకు గట్టిగ అదుముకున్న, అరటిపండ్లు చితికినయ్ లోపల.

గంతలనే మిషన్ ఒక్కసారి గిరుక్కున ఎడమకు తిరిగింది.

మా ఆయన వేలు తీసిండు. నేను చూసిన, వేలు గాలిలున్నది. మిషన్ ఆగలే! రెక్క తలుపు దిక్కు పోతున్నది. మూరెడు బెత్తెడైంది. మా ఆయనకు అద్దంల కనవడ్డది. ఇగ రిమోట్ను నమ్మలే, మిషన్ను నమ్మలే. మూడు అంగలల పక్కకెళ్లి ఎనకకు వొచ్చి, వొంగి, ఎర్ర బటన్ మీద ఒక్కటి కొట్టిండు.

రెక్కకూ తలుపుకూ నడుమ నాలుగు వేళ్ల సందున్నది. మా ఆయన వేళ్లు వెట్టి చూసిండు.

"అమ్మా!" అని నేను సంచి పక్కనున్న బల్ల మీద ఏసి నోటికి చెయ్యి అడ్డం వెట్టుకున్న.

మేడం దగ్గరికొచ్చింది. "మీ వేలు పుల్ల మీద లేదు. నేను చూశాను" అన్నది. "ఆశీష్, బటన్ రీసెట్ చెయ్యి. బ్రహ్మచారిగారూ, మీకు భయంగా ఉంటే ఆపేద్దాం."

"భయమెందుకు మేడం? పిల్ల బయటికి రావాలె కదా" అన్నడు.

ఆశీష్ బటన్ తిప్పి పైకి లేపిండు. మా ఆయన మళ్ల ఈపు తిప్పిండు. ఈసారి పెద్దపిల్ల ఎక్కడ సుత అటిటు కాలే. తలుపు దాటి, తెల్లగీత మీద ముక్కు వెట్టి, ఎండల నిలవడ్డది. ఒక్క గీత తగలలే. మేడం కాయితం మీద రాసింది, తిప్పి మా ఆయనకు జూపెట్టింది. ఇంగ్లీషుల నాలుగే అక్షరాలు, పాస్ అని. మా ఆయన ఇంగ్లీషు చదవలేడు గని ఆ నాలుగక్షరాలు గుర్తువట్టిండు. తువ్వాల భుజం మీదేసుకున్నడు, నరం తెగిన భుజం మీదనే. నేను బల్ల మీది సంచి తీస్కోని, అందరికి పండ్లు పంచుదామని ఎదురువోయిన.

నా నోరు తీపి గాకముందే ఆశీష్ మొదలు వెట్టిండు.

"మేడం, ఒక్క నిమిషం. ఆ జెర్క్ మా మిషన్ ఫాల్ట్ కాదు. మీరు రిపోర్టుల మిషన్ ఫాల్ట్ అని రాస్తే నా జాబ్ పోతది."

"మరి ఎవరి ఫాల్ట్?"

"అంకుల్ది కూడా కాదు. వేలు నేను సుత చూసిన. ఒక్కటే ఛాన్స్. స్పేర్ రిమోట్ ఆన్ అయి ఉన్నది. పుల్ల మీద ఏదో బరువు పడ్డది. ఇక్కడ్నే ఎక్కడో ముప్పై అడుగులల ఉన్నది."

"స్పేర్ అల్మారలో కదా ఉండేది?"

ఐతారం పొద్దుమీకి ఆ పచ్చదీపం ఎవలు బందు జేసిన్రు? ఆయన నేను జేసిననుకున్నడు. నేను ఆయన జేసిండనుకున్న. తువ్వాలల చుట్టేటప్పుడు చూసినోళ్లు లేరు. అంటే రెక్కను తలుపు మీదికి నూకింది నేనే. నా రొమ్ముకు అదుముకోని, నా మొగని నౌకరి నిలవాలని మొక్కుకుంట, నేనే.

మేడం మా ఆయన కాడ తాళంచెవి తీసుకోని అల్మార తెరిసింది. డబ్బా ఉన్నది. డబ్బా ఖాళీ.

"బ్రహ్మచారిగారూ." మేడం మళ్ల బయటికొచ్చి ఆయన ముంగట నిలవడ్డది, గొంతు మారింది. "ఈ తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. రిమోట్ ఎక్కడ?"

మా ఆయన ఎండల నిలవడ్డడు, పెద్దపిల్ల ముంగట, ఈపు నాకు జూపెట్టి. ముంజేతికి అద్దం ఇంక కట్టే ఉన్నది. చెమట తుడుసుకునెటోని లెక్క చెయ్యి లేపిండు. అద్దంల ఆయన కండ్లు నన్ను ఎతికినయ్, దొరకవట్టినయ్. చూపుతోనే చెప్పిండు, ఇంటికి పో అని. గేటు బయట అబ్బాస్ ఆటో ఉన్నది, సంచి తీస్కోని పో అని.

తర్వాత మేడం దిక్కు తిరిగి చెప్పిండు.

"నేనే తీసిన మేడం. ఎక్కడనో పోగొట్టిన. నాదే తప్పు." గేటు దిక్కు చూసిండు. "గేటు కాడ కుర్చెయ్యున్రి. కూసుంట."

గేటు! రెండు దినాలు అన్నం తిననీయని మాట, ఆయన నోటితోని ఆయనే అన్నడు. తప్పు నా మీదికి రావద్దని అన్నడు.

నాకు ఏడుపు రాలే. కోపమొచ్చింది. మంచి కోపం, మిద్దె మీద వొచ్చినటువంటిది. ఎన్నడన్న ఎనకకు తిరిగి చూసినవా అని తిట్టిన మనిషి, ఇయ్యాల చూసిండు. చూసి ఏం జేసిండు? నన్ను ఇంటికి పొమ్మన్నడు.

పోలే. ముప్పై మూడేండ్లల చెయ్యని పని జేసిన. ఆయన పక్కకెళ్లి నడిచిన, ఆయన్ని దాటిన, ముంగటికి పోయిన. కుంటుకుంటనే, తాబేలు స్పీడు మీదనే. నా ఎనకకెళ్లి "అనసూయా, వద్దే" అన్నడు. బజారుల ఎనకకెళ్లి పిలిసే బాధ ఎట్లుంటదో ఆయనకు సుత తెల్వనీ అనుకున్న.

మేడం ముంగట నిలవడ్డ.

"పండ్లు తర్వాత ఆంటీ, ఇక్కడ సీరియస్ మ్యాటర్ నడుస్తున్నది" అన్నడు ఆశీష్.

"పండ్లు కాదు బిడ్డా" అని సంచిల చెయ్యి వెట్టిన. చితికిన పండ్ల కింద, తువ్వాల మడతలల, గట్టిగ చేతికి తగిలింది. పట్టుకున్న.

నా ఎనక మిషన్ గుయ్యిమన్నది. పెద్దపిల్ల ఒక్కడుగు నా దిక్కు నడిచింది.

మేడం విమానం దిక్కు చూసింది. తర్వాత నా సంచి దిక్కు చూసింది.